లంకలో ముత్తాతగారి జాడ

నాన్నగారూ,

మీ సంవత్సరీకాలు అయిన మర్నాడే కైకలూరులో బస్సు దిగి, ఆటోలో కొల్లేటి మధ్య మన పాత లంకకి వెళ్లానండి. "మా తాత ఒక్క గుర్తూ మిగల్చలేదురా" అని మీరు చివరిదాకా బాధపడ్డారు కదా. ఓ గోడైనా, పునాది రాయైనా కనబడుతుందేమోనని ఊరంతా తిరిగాను. ఏమీ లేదు.

అరుగు మీద చేపలు ఎండబెడుతున్న ముసలావిడ మన ఇంటిపేరూ, ముత్తాతగారి ఇంటి గోడల కోసం వెతుకుతున్నానన్న మాటా విని నవ్వింది.

"గోడలెక్కడుంటాయండీ? ఇక్కడ ఇల్లు కట్టాలంటే ముందు నేల పోసుకోవాలి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మీ ముత్తాతగారూ, ఆయన భార్యా కొల్లేటి మట్టి దోనెలో తెచ్చి, తట్టలతో దిబ్బ పోశారంట. మా అత్తగారు చెప్పేవారు. మొన్న వరదకి ఊరంతా దాని మీదే తలదాచుకున్నామండీ."

"ఆ దిబ్బ ఎక్కడండీ?"

"మీరు నిలబడ్డదే."

చుట్టూ చూశాను. నాలుగిళ్లు, కొబ్బరిచెట్లు, కట్టేసిన గేదెలు, అన్నీ దాని మీదే ఉన్నాయి. ఆయన పేరు మాత్రం ఆవిడకి తెలియదు.

నాన్నగారూ, మీ బదులు కూడా నేనే చెప్పులు విప్పాను.