నాలుగింటికీ ఒకే జవాబు

జూన్ 3

ఒళ్ళు మండుతోంది. ఉబుంటు లైనక్స్‌లో ఒక ప్యాకేజీ, అంటే సాఫ్ట్‌వేర్, వెతికితే వివరణలో ఉన్న మాటలు కూడా చూస్తుంది. ఆల్పైన్ లైనక్స్ ఉత్త పేరు చూసి ఊరుకుంటుంది. ఏమీ దొరక్కపోతే ఆర్చ్ ఎర్రర్ ఇస్తుంది, ఉబుంటు ఏమీ జరగనట్టు కూర్చుంటుంది. ఒకే ప్రశ్నకి ఇంటికో జవాబు. ఏ లైనక్స్‌లో వెతికినా ఒకేలా చెప్పే టూల్ నేనే రాస్తాను.

బెంగళూరులో ఏదో కంపెనీ ఇలాంటిది రాసినవాళ్ళకి ఉద్యోగం ఇస్తుందట, ఇంటి నుంచే చేసుకోవచ్చట. చెప్పింది జడ్సన్ అన్న. అల్లూరులో కంప్యూటర్ సెంటర్ ఆయనదే, నాకు లైనక్స్ నేర్పిందీ ఆయనే. ఇంట్లో నాకు కంప్యూటర్ లేదు. సెంటర్లో అందరం అన్న లాగిన్‌తోనే కూర్చుంటాం.

జూన్ 11

టెస్టులకి ఉత్తుత్తి ప్యాకేజీలు కావాలి. నాన్న రొయ్యల గుంటల పేర్లు పెట్టేశాను. పడమటిగుంట, ఉప్పుగుంట, ఎస్తేరమ్మగుంట. ఎస్తేరమ్మ మా నాయనమ్మ. వివరణల్లో రొయ్యలు అని రాసి, ఆ మాట కొడితే ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్ చూపించాయి. ఆల్పైన్ మొండికేసింది.

జూన్ 16

ఆల్పైన్ దారికొచ్చింది! రాసినవాళ్ళ పేరుతో వెతికినా ఇప్పుడు దొరుకుతుంది. దొరక్కపోతే నాలుగూ ఒకటే మాట చెప్పాలి. ఆ మాట తెలుగులోనే పెట్టాను, "దొరకలేదు" అని.

అన్న చూసి, గట్టిదానివేమ్మే అన్నాడు. రాసింది కెజియా అని నా పేరు పెట్టాలి గదన్నా అని అడిగాను. తొందరేంది, కంపెనీకి పంపేటప్పుడు నేనే పెడతాలే అన్నాడు. సరేనన్నాను.

జూన్ 17

అన్న పంపేశాడట. అమ్మ చేత రొయ్యల ఇగురు చేయించి సెంటర్‌కి పట్టుకెళ్ళాను.

జూన్ 29, ఆదివారం

చర్చి ఆరాధనలో సాక్ష్యాల సమయం. జడ్సన్ అన్న లేచి నిలబడ్డాడు. దేవుడు తనకి జ్ఞానమిచ్చాడట. తనొక్కడే కూర్చుని ఒక టూల్ రాశాడట. బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇచ్చిందట. సంఘమంతా స్తోత్రం అంది.

నేనూ అన్నాను. నోటికి అలవాటు. అనేశాక అర్థమైంది, ఆయన చెబుతున్నది నా పని గురించని. పక్కన అమ్మ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది.

అదే రోజు, సాయంత్రం 5

వెళ్ళి అడిగాను. లాగిన్ ఎవురిదమ్మే అన్నాడు. హిస్టరీ తెరిచి చూపించాడు. నేను చేసిన ప్రతి మార్పు పక్కనా ఆయన పేరే.

మరి ఎస్తేరమ్మగుంట ఎవరిదన్నా అన్నాను. టెస్టుల్లో ఆ పేర్లు తీసేయడం కూడా మర్చిపోయాడు.  హిస్టరీ మూసేసి, నేను లేకుంటే కీబోర్డు ఎట్టుంటదో నీకు తెలిసేదా అన్నాడు.

తెలిసేది కాదు. అదే నన్ను తినేస్తోంది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకు సగం, ఇగురు పట్టుకెళ్ళినందుకు సగం.

జూలై 4

కంపెనీకి మెయిల్ పెట్టాను. టెస్టుల్లో ఉన్నవి మా గుంటల పేర్లేనని, నాన్న చేత వాటి ఫోటోలు తీయించి జతచేశాను. రెండు వాక్యాల జవాబొచ్చింది. హిస్టరీలో మీ పేరు లేదు, మేము చేయగలిగింది లేదు అని.

జూలై 6, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పని చెప్పాను.

సెప్టెంబర్ 19

టూల్ నాలుగు లైనక్సుల్లోకీ చేరిందట. స్నేహితురాలు వెన్నెల లాప్‌టాప్ అడిగి తీసుకుని, నాలుగూ అందులో పెట్టి చూశాను. రాసినవాళ్ళ పేరుగా జడ్సన్ అని కొట్టాను. నాలుగూ చూపించాయి.

కెజియా అని కొట్టాను. నాలుగూ ఒకేలా చెప్పాయి, నా తెలుగులోనే.

దొరకలేదు.