ఈసారి అగ్ని బోనెట్ కింద

నాంపల్లి,
శుక్రవారం పొద్దున

అమ్మా, నీ పెద్దకొడుకు నోట "అగ్ని" అన్న మాట వస్తే నువ్వు కూడా తక్కినోళ్ళ లెక్క నవ్వి పక్కకు తిరుగుతవా? జవాబు నాకు రాయొద్దు. నీకు నువ్వే చెప్పుకొని ఈ ఉత్తరం చివరి దాకా చదువు.

ప్రభువు కృప నిన్ను విడువకుండ ఉండాలని వేడుకుంటూ నీ ఇజ్రాయేల్ చేసే వందనాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరు క్షేమమని తలుస్తున్న. ఈ మాట ఎప్పటి లెక్కనే రాసిన గాని, రాసినంక చెయ్యి ఆగింది. మీరు క్షేమంగ లేరు. ఆ సంగతికి వస్త.

మోకాలు తగ్గిందా అని అడిగినవు. బండ్ల కింద పండుకొని లేచేటోని మోకాలు తగ్గదు, ఆ ఫికర్ ఇడిసిపెట్టు. అబిడ్స్‌లో వాక్యం చెప్తున్ననా అని అడిగినవు. ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద, నేను కూడబలుక్కొని చదువు నేర్చిన ఆ చోటనే, ఇప్పటికి పోయి నిలబడుతున్న. నోరు మాత్రం పెగలట్లేదు. పుస్తకాలమ్మే గోపాలరావు పోయిన వారం, "ఏంది పాస్టర్ సాబ్, ఇవ్వాళ నరకానికి సెలవా?" అన్నడు. చుట్టుపక్కలోళ్ళు నవ్విన్రు. నేను పాస్టర్‌ను కానని చెప్పే ఓపిక కూడా లేక ఇంటికొచ్చిన.

రూఫస్‌తోటి ఏం జరిగిందని ప్రతి ఉత్తరంల అడుగుతవు. ఆనాడు నువ్వు అక్కడనే కూసున్నవు గాని నీ మందం చెవులకు వినపడలేదు. తన బిడ్డ జెర్లిన్ పుట్టినరోజుకు తమ్ముడు నన్ను ప్రార్థన చెయ్యమన్నడు. ప్రార్థన అన్నడు, ప్రసంగం అనలేదు. నేను లేచి గంధకం, అగ్నిగుండం, పండ్లు కొరుకుడు, అన్నీ చెప్పిన. వాని ఆఫీసర్ విద్యాసాగర్ గారు చేతుల కేకు ముక్క పట్టుకొని, తినాలో వద్దో తెల్వక నిలబడ్డరు. పిల్ల జడుసుకొని ఏడ్చింది. అందరు పోయినంక రూఫస్ ఒక్క మాటే అన్నడు: "అన్నా, నీ నోట్లె నిప్పు తప్ప నీళ్ళు లేవా?" ఆనాటి నుంచి వాని ఫోన్‌కు నా నంబర్ బంద్.

దానికి ముందటి ఎండకాలం వాని పాత ఫియట్ నా షెడ్డులనే ఉండె. బోనెట్ ఎత్తితే తళతళ మెరవాలన్నడు. పెట్రోలు పోయే రబ్బరు పైపులు తీసేసి, మీద స్టీలు తీగ జాలీ లెక్క అల్లిన పైపు ఒక చుట్ట కొని, దాంట్లకెళ్ళి కోసి వేసిన. ఆ పైపు కోసుడే ఒక పని. కోసే చోట టేపు గట్టిగ చుట్టాలె, లేకుంటే తీగలన్ని విచ్చుకొని చీపురైతది. సన్న పండ్ల బ్లేడుతోటి తిన్నగ కోయాలె. ఎంత జాగ్రత్త పడ్డా ఒక తీగ వేలిల దిగక మానదు. కోసినంక పొడి ఊదాలె, కడగాలె, కొనకు బిగింపు తొడిగి, లోపలి రబ్బరు మడత పడలేదని వెలుతురుకు పెట్టి చూడాలె. బండికి ఎక్కించే ముందు గాలి పట్టి నీళ్ళల్ల ముంచిన. ఒక్క బుడగ రాలేదు. రూఫస్ పక్కన నిలబడి, "నా పెండ్లికి కూడా గింత మెరుపు లేకుండె" అని నవ్విండు.

పోయిన నెల బబ్లూ అని, స్టేషన్ ముందర పాత వ్యాను నడిపేటోడు, పెట్రోలు వాసన వస్తుందని వచ్చిండు. అతని బండికి వేసింది కూడా ఆ చుట్టలోని పైపే. ఎక్కడ చూసినా తడి లేదు. పైపు మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు పట్టుకున్న. అరచేయి చల్లబడ్డది. పెట్రోలు చెమట లెక్క జాలీలకెళ్ళి ఊరుతుంది, ఊరింది ఊరినట్టే ఆరిపోతుంది. విప్పి నిలువున చీరితే లోపలి రబ్బరు పాలల్ల నానిన బ్రెడ్డు లెక్క వేలికి వచ్చింది. ఇప్పటి పెట్రోల్ల కలిపే స్పిరిట్‌కు ఆ రబ్బరు ఆగలేదు. పైన అల్లిన స్టీలు మాత్రం కొన్ననాటి మెరుపే. పైకి సున్నం కొట్టిన సమాధి అని ఎంతమందిని తిట్టి ఉంటనో నేను. నా చేతులతోటే దాన్ని తమ్ముని బండిల బిగించిన అని తెల్వకపాయె.

ఆ చుట్టల కోసిన పైపు ఉన్న బండ్లన్నీ వెతికి మార్చిన. ఒకటి హిమాయత్‌నగర్‌ల దొరికింది, ఒకటి అఫ్జల్‌గంజ్‌ల. రూఫస్ ఫియట్ ఒక్కటే మిగిలింది. దాంట్లె ఆ పైపు సైలెన్సర్ గొట్టం పక్కకెళ్ళి పోతది. ఎర్రగ కాగిన గొట్టం మీద ఒక్క చుక్క పడితే చాలు.

మా ప్రార్థన కూడికకు వచ్చే లోయిస్ ఫోన్‌తోటి వానికి చేసిన. "తమ్మీ, అగ్ని. ఆ కారు దిగు" అన్న. "మళ్ళ షురూ చేసినవా" అని పెట్టేసిండు. పెట్రోలు అనాలె, పైపు అనాలె. నా నాలుకకు అగ్నే ముందుగాల వస్తది. మళ్ళ చేస్తే లోయిస్ నంబర్ కూడా బంద్. మెదక్‌ల నాకు ఎరుకున్న ఒక మెకానిక్‌ను పంపిన. రూఫస్ బోనెట్ ఎత్తి చూపించి పైపు ఎట్లున్నదని అడిగితే, పాపం ఆయన కొత్తగనే ఉన్నదన్నడట. "నరకానికి ఇంకో అడ్రసు వెతుక్కొమ్మని మా అన్నకు చెప్పు" అని రూఫస్ నవ్వి పంపించిండట.

బైబిల్ల లోతు అనేటాయన ఊరు తగలబడుతదని చెప్తే ఆయన అల్లుళ్ళు ఎగతాళి అనుకున్నరు. ఆ సంగతి మీద నేను ఎన్నోసార్లు గొంతు చించుకున్న, ఎప్పుడు అల్లుళ్ళనే తిట్టిన. అంతకు ముందు లోతు వాళ్ళతోటి ఎట్ల మాట్లాడేటోడో అని ఒక్కనాడు ఆలోచించలేదు.

ఇంక నీ దగ్గర దాచిన సంగతి. పోయిన సోమవారం నేను మెదక్ వచ్చిన. సంచిల కొత్త పైపు, బ్లేడు, పానాలు పెట్టుకొని వచ్చిన. మాబెల్ గేటు తీసి, "అత్తమ్మ పండుకున్నది, లోపలికి రాండ్రి బావగారు" అన్నది. మంచిగనే అన్నది. కారు పైపు మార్చిపోత బిడ్డా అంటే అయిపోతుండె. నా చెయ్యి సంచిల పోయి కరపత్రం తీసింది. నోరు తెరిస్తే, "అమ్మా మాబెల్, రాబోయే ఉగ్రత నుంచి తప్పించుకో" అని వచ్చింది. ఒకరి గేటు కాడ నిలబడి అది తప్ప నేను ఇంకోటి మాట్లాడి ఎరుగను. ఆమె మొఖం చిన్నబోయింది. రూఫస్ బయటికొచ్చిండు. జెర్లిన్‌ను ఎత్తుకొచ్చి కార్ల కూసోబెట్టి, నా ముంగటనే స్టార్ట్ చేసి పోయిండు. ఆ వాసనల నేను రోడ్డు మీద నిలబడ్డ. పిల్ల వెనుక అద్దంలకెళ్ళి టాటా చెప్పింది.

నేను వచ్చిన సంగతి వాళ్ళు నీకు చెప్పి ఉండరు. ఇవ్వాళ నేను బస్సెక్కక ఈ ఉత్తరం లోయిస్ చేతికిచ్చి ఎందుకు పంపుతున్ననో ఇప్పుడు నీకు అర్థమైతది. నేను వస్తే వాడు కారెక్కుతడు.

శనివారం తెల్లారంగ అందరం ఆ కార్లనే సాగర్ పోతున్నమని, ముందు సీటు నీకే ఇస్తనన్నడని సంబరంగ రాసినవు. ఆ దూరం, ఈ ఎండ ఆ పైపు తట్టుకోదు. ప్రార్థన చేసిన. పై నుంచి ఏం రాలేదు. ఊరందరికి ఆశ పంచినోన్ని, నా దగ్గర చిటికెడు మిగల్లేదు.

పెట్రోలు వాసన వస్తుందని నువ్వంటే వాడు బోనెట్ ఎత్తి మెరుపు చూపిస్తడు. ఛాతిల నొప్పి అంటే అదే కార్ల దవాఖానకు తీసుకపోతడు. నా పేరెత్తితే పంతానికి ఇప్పుడే స్టార్ట్ చేస్తడు. అందుకే నిన్ను అడగరానిది అడుగుతున్న. ఆ కారుకు ఒకటే తాళం ఉన్నది. దాన్ని దాచిపెట్టి, వాడు అడిగితే తెల్వదని చెప్పు.

బుద్ధెరిగినంక నువ్వు అబద్ధమాడలేదు. అబద్ధికుల కోసం మండే గుండం గురించి నీ ముంగట పేరు పేరున చెప్పినోన్ని నేనే. ఐగుప్తుల మంత్రసానులు, పసిపిల్లలను చంపుమన్న రాజు మొఖం మీదనే అబద్ధం చెప్పి వాళ్ళను బతికించిన్రు. దేవుడు ఆ మంత్రసానులను శిక్షించలేదు, మేలు చేసిండు. ఆ అధ్యాయం మీద నేను ఒక్క ప్రసంగం చెయ్యలేదమ్మా. భయపడి దాటేసిన. ఇవ్వాళ నిలబడనీకి నాకు ఆ అధ్యాయం ఒక్కటే ఉన్నది. తాళం దొరకక వాడు రేపు ఆగితే ఒక దినం గెలుస్తం. ఎల్లుండికి ఏం చెయ్యాలో నాకు తెల్వదు.

లోయిస్ ఈ ఉత్తరం నీ చేతికిచ్చి ఇంకా గేటు దాటక ముందే లేచి పో. మాబెల్ వంటింట్ల ఉండంగనే తాళం తీసి బియ్యం డబ్బాల అడుగుకు తొయ్యి. వాడొచ్చి అడిగితే కండ్లల్ల చూసి అబద్ధం చెప్పు. రేపటి దాకా ఆగకు. ఇవ్వాళనే, ఇప్పుడే లేవమ్మా.

ఇట్లు,
ఆ పాపం తన నెత్తిన వేసుకొని నిన్ను బతిమాలే
నీ పెద్దకొడుకు
ఇజ్రాయేల్