మూడో బెలూను

నాన్నా,

చెల్లీ, ఇది చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందు నీకో మాట. అమ్మ పనికి వెళ్ళాక చదువు. మధ్యలో నీ సొంత కవిత్వం కలపకు.

నాన్నా, జట్టు ఎంపిక పందెంలో నేను రెండో స్థానంలో వచ్చానని తెలిసి నువ్వు పనిచేసే ఈతకొలను దగ్గర అందరికీ టీలు తాగించావట. అది విన్నప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నిన్న మూడుసార్లు హాస్టల్ మెట్లు దిగి, ఎందుకు దిగానో తెలియక మళ్ళీ ఎక్కాను. ఉతికిన తువ్వాలునే మళ్ళీ ఉతికాను. ఫోనులో చెప్పబోతే నీ గొంతు వినగానే ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను.

ఈతకొలనులో దారి తప్పడమంటే నాకు తెలియదు. అడుగున నల్ల గీత ఉంటుంది, దాని మీదే పోతాను. నీళ్ళు తోడేసిన రోజుల్లో నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతను తోముతుంటే చూస్తూ పెరిగినదాన్ని. ఇక్కడ పందెం సరస్సులో. కిందికి చూస్తే మట్టిరంగు చీకటి తప్ప ఏమీ ఉండదు. నీళ్ళ మీద మూడు పెద్ద నారింజ రంగు బెలూన్లు తేలుతుంటాయి. మూడింటి బయటినుంచీ తిరిగి రావాలి, అలా నాలుగు చుట్లు. పది బారలకొకసారి తలెత్తి చూసుకోకపోతే దారి తెలియదు. తలెత్తితే కాళ్ళు మునుగుతాయని, వేగం పోతుందని కొలనులో ఇన్నేళ్ళూ తిట్లు తిన్న నాకు ఆ అలవాటు ఎక్కడిది?

ఆఖరి చుట్టులో గాలి లేచింది. తల దించుకుని ఈదేశాను. తలెత్తేసరికి, ఎడమపక్క ఉండాల్సిన మూడో బెలూను కుడిపక్క కనిపించింది. అంటే దాన్ని చుట్టకుండా లోపలినుంచి వచ్చేశాను. వెనక్కి వెళ్ళి చుట్టి రావాలి, నలభై బారలుంటుందేమో. వెళ్ళలేదు నాన్నా. మమ్మల్ని కనిపెట్టుకుని ఉండాల్సిన పడవ అప్పుడే కండరాలు పట్టేసిన ఒకమ్మాయిని ఎక్కించుకుంటోంది. ఎవరూ చూడలేదు.

ఇంకో సంగతి. నా గదిలో ఉండే అమ్మాయి మూడో స్థానంలో వచ్చింది. బాగా పొడుగు, అందరం కొంగ అంటాం. సరస్సులో ముందువాళ్ళ కాళ్ళ వెనకే ఈదితే నీళ్ళు తేలిగ్గా ఉంటాయి, అది తప్పు కాదు. కొంగ నా పాదాలే చూసుకుంటూ వచ్చింది. తనూ ఆ బెలూను చుట్టలేదు, పాపం ఆ సంగతి తనకు తెలియదు. జట్టులో ముగ్గురికే చోటు. నేను నోరు విప్పితే నాతోపాటు దాని చోటూ పోతుంది. నోరు మూసుకుందామంటే, నాలుగోదిగా వచ్చిన అమ్మాయి పెట్టె సర్దుకుంటూ "ఎనిమిది సెకన్లే తేడా అక్కా" అంది. ఆ మాట చెవిలో నీళ్ళలా ఉండిపోయింది.

పేర్లు నెలాఖరుకు పంపుతారు. ఏం చెయ్యమంటావు?

నీ పెద్దది

*

అక్కా,

నాన్న అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఒట్టు.

"ఏమే పెద్దదానా, నాకు సంతకం నేర్పిందే నువ్వు, మళ్ళీ నన్నడుగుతావేం? అక్కడ గీతే ఉండదా? హమ్మయ్య, తోమేవాడి నడుం బతికింది. సరే, విను. ఆ పొడుగు పిల్లకి చెప్పావా? ఆఫీసర్ల సంగతి తర్వాత. నిన్ను నమ్ముకుని వెనకాలే వచ్చిందంటున్నావు కదా, ముందు దానికి చెప్పు. వేరేవాళ్ళ నోట వింటే దాని మొహం ఎలా చూస్తావే?"

తర్వాత బ్రష్షు తీసుకుని బయల్దేరాడు. గుమ్మం దాటి మళ్ళీ వెనక్కొచ్చి, "ఆ టీల సంగతి మర్చిపొమ్మను" అన్నాడు.

పనికి వెళ్ళిందనుకున్న అమ్మ తలుపు వెనక నిలబడి అంతా వినేసింది. నా తప్పు లేదు.

చెల్లి

*

నాన్నా,

కొంగకు చెప్పాను. భోజనాల హాల్లో, పళ్ళేల ముందు. అది చెంచాతో అన్నం కెలుకుతూ, "నాకు తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"నేను తలెత్తాను. బెలూను కనిపించింది. అరుద్దామనుకున్నా. నువ్వు ఆగకపోయేసరికి, తప్పయితే దీని మీదకే పోతుందిలే అని నీ వెనకే వచ్చేశా. వారంనుంచి నువ్వు చెప్పేస్తావేమోనని చస్తున్నా. చెప్పవేమోనని ఇంకా చస్తున్నా."

"అందుకేనా నా చెప్పులు కూడా కడిగి పెడుతున్నావు?"

"నువ్వు నా తువ్వాలు రెండుసార్లు ఉతకలేదూ?"

నవ్వొచ్చింది నాన్నా, ఆ స్థితిలో కూడా. ఇద్దరం కలిసి కోచ్ మేడమ్ గదికి వెళ్ళాం. "తలెత్తండే తలెత్తండే అని గొంతు చించుకున్నాను, ఒకత్తి ఎత్తదు, ఒకత్తి ఎత్తీ లాభం లేదు!" అని దులిపేశారు. మా పేర్లు కొట్టేసి, నాలుగో అమ్మాయికీ ఐదో అమ్మాయికీ మా ఎదురుగానే ఫోను చేశారు. వచ్చే ఏడు మళ్ళీ పోటీకి రావచ్చన్నారు.

బాధ లేదని రాస్తే అది ఇంకో అబద్ధం. పెన్ను నా పేరు మీద అడ్డంగా వెళ్తుంటే ఆ గీతను చివరిదాకా చూశాను. ఇప్పటికీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కాకపోతే కాళ్ళు మెట్లవైపు కాదు, నీళ్ళవైపు లాగుతున్నాయి.

ఆదివారం వస్తున్నాం, కొంగ కూడా. మన గుమ్మం దగ్గర తల జాగ్రత్త అని ముందే చెప్పాను. నాన్నా, కొలనుకు సెలవు రోజున ఖాళీ క్లోరిన్ డబ్బా ఒకటి గట్టిగా మూత బిగించి, తాడుకు రాయి కట్టి, లోతు మధ్యలో తేలేలా వదులు. గీత చూడకుండా దాని చుట్టూ తిరుగుతాం. నువ్వు గట్టు మీద కూర్చో. అమ్మను కూడా తలుపు వెనక కాదు, గట్టు మీదే కూర్చోమను. నేను గనక లోపలినుంచి వచ్చేస్తే కేక వెయ్యి నాన్నా. వీధి చివరిదాకా వినపడినా ఫర్వాలేదు.

నీ పెద్దది