సెన్సార్ బాగానే ఉంది

మోన్సఫ్, బండి ఇప్పుడే స్టార్ట్ చెయ్యకు. పొయ్యి మీద శెనగల లబ్లాబీ ఉంది, ముందు వేడి చేసుకుని తిను.

పొద్దున నేనే బానెట్ ఎత్తి చూశాను. మెకానిక్ ట్రైనింగ్ సెంటర్లో పిల్లలకి నేను రోజూ నేర్పే పరీక్షే. నువ్వు మార్చిన క్యామ్‌షాఫ్ట్ సెన్సార్‌లో ఏ లోపమూ లేదు. దానికి కరెంటు వస్తోంది, ఎర్త్ కూడా సరిగానే ఉంది. సిగ్నల్ తీసుకెళ్లే తీగే ఇంజన్ వెనక బ్రాకెట్‌కి ఒరుసుకుని, పైతొడుగు చిరిగి, ఇనుముకి తగులుతోంది. తీగ కదిపితే మీటర్‌లో సిగ్నల్ పోతోంది, పక్కకి లాగితే వస్తోంది. ఆసుపత్రి దారిలో బండి ఆగిపోయింది అందుకే, నువ్వు వేసిన సెన్సార్ వల్ల కాదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ "నాన్నని నేనే చంపుకున్నాను" అని చెప్పడం ఇక మానెయ్. వినలేకపోతున్నాను.

చిరిగినచోట కొత్త తీగ అతికి, టేపు చుట్టి, బ్రాకెట్‌కి దూరంగా కట్టు. నేనే చేద్దామనుకున్నాను, చేతులాడలేదు. నాకింకా ఏడుపు కూడా రాలేదు.

అత్తతో నాన్న సమాధి దగ్గరికి వెళ్తున్నాను. మమ్మల్ని తీసుకెళ్లడానికి ఆ బండిలోనే రా.

అక్క

ఇంకో మాట. స్ఫాక్స్ రోడ్డు మీద నువ్వు బానెట్ ఎత్తి తంటాలు పడుతున్నప్పుడు, నాన్న వెనక సీట్లో నా ఒళ్లో తల పెట్టుకుని, "వాణ్ణి కేకలెయ్యకే. ఆ మొండి బండి నా మాటే ఏనాడూ వినలేదు, వాడి మాట వింటుందా?" అన్నాడు. అని నవ్వాడురా.