పెద్దావిడ ఊపిరి

మార్చి 3, సోమవారం

పెద్దావిడకి జోడీ వచ్చింది. పాత మగచేప చలికాలంలో తొట్టిలోంచి గెంతి నేల మీద పడి చచ్చిన దగ్గర్నుంచి మా క్లౌన్‌ఫిష్ పెద్దావిడ ఒంటరిగానే ఉంది. మధ్యాహ్నం డాక్టర్ మేడమ్ చేపల షాపు నుంచి కవర్లో ఒక చిన్నదాన్ని పట్టుకొచ్చారు. కొన్ని వారాలు వేరే టబ్బులో ఉంచి చూడమన్నాడట షాపతను. మేడమ్ నవ్వేశారు. అక్కడ బాగానే తిరుగుతోంది కదా, ఇక్కడికొస్తే కొత్తగా ఏం రోగం వస్తుంది అన్నారు. గంటలో తొట్టిలో ఉంది. పెళ్లికొడుకు అని పేరు పెట్టాను.

క్లినిక్‌లో ఈ అక్వేరియం పని నాదే. డెంటల్ అసిస్టెంటు ఉద్యోగంలో ఇది లేదు, ఎవరూ చెయ్యకపోతే నా నెత్తిన పడింది. ఉప్పునీళ్లు కలపడం, గాజు తుడవడం, మేత వెయ్యడం. అన్నీ విసుగే, పెద్దావిడ తప్ప. పొద్దున్నే నేను లైటు వెయ్యగానే గాజు దగ్గరికొచ్చి నిలబడుతుంది. మా ఇంట్లో నాకోసం అలా ఎవరూ రారు.

మార్చి 5, బుధవారం

పెళ్లికొడుకు పెద్దావిడ ముందుకెళ్లి ఒళ్లంతా గజగజలాడిస్తున్నాడు. ఫిట్సేమోనని హడలిపోయాను. షాపతనికి ఫోన్ చేస్తే, అది రోగం కాదమ్మా, చిన్నది పెద్దదానికి పెట్టే దండం, వీటిలో ఆడదే పెద్దది, పెత్తనమంతా ఆవిడదే అన్నాడు. రిసెప్షన్ అమ్మాయి విని, అతి వినయం ధూర్త లక్షణం అంది. అందరం నవ్వుకున్నాం. నాకు ప్రాణం కుదుటపడింది.

మార్చి 7, శుక్రవారం

తాళంకప్ప వచ్చింది. రెండో క్లాసు పిల్ల, దవడ పన్నుకి రూట్ కెనాల్. మొదటిసారి వచ్చినప్పుడు మూతి బిగించుకుని కూర్చుంది, ఎంత బతిమాలినా తెరవలేదు. ఆ పేరు నేనే పెట్టాను. కుర్చీలోంచి తొట్టి కనిపిస్తుంది కదా, పెద్దావిడ నోరు తెరిచినప్పుడల్లా నువ్వూ తెరువు అన్నాను. అప్పట్నుంచి అదే ఆట. చేప ఊపిరి కోసం ఎలాగూ తెరుస్తూ మూస్తూనే ఉంటుంది.

ఇవాళ కాసేపు ఆడి ఆపేసింది. పెద్దావిడ మరీ గబగబా తెరుస్తోంది, నాకు అందడం లేదు ఆంటీ అంది. పెళ్లికొడుకు వచ్చాడుగా, ఆ సంబరంలో ఆయాసం అన్నాను. మేడమ్ కూడా నవ్వారు. పిల్ల నవ్వలేదు. కాదు, ముందు ఇలా లేదు అంది. మళ్లీ మూతి బిగించింది. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు, మేడమ్ గడియారం చూస్తున్నారు. సాకులు చెప్పకు, నోరు తెరువు అని కాస్త గట్టిగానే మందలించాను.

మార్చి 8, శనివారం

పెద్దావిడ మేత నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. కొత్త డబ్బా. నచ్చలేదేమో.

మార్చి 9, ఆదివారం

సెలవు. దుప్పట్లు ఉతికాను. చేపల ఊసే గుర్తు రాలేదు.

మార్చి 10, సోమవారం ఉదయం

లైటు వేస్తే గాజు దగ్గరికి రాలేదు. పైన, పంపు నీళ్లు పడేచోట, నోరు తెరుచుకుని వేలాడుతోంది. నారింజ రంగు వెలిసిపోయింది. ఒంటి మీద మీగడలా జిగురు, తోక దగ్గర పొరలు పొరలుగా ఊడుతోంది. పెళ్లికొడుక్కి కూడా రెక్క మొదట్లో కొంచెం ఉంది.

ఫోటో తీసి పంపాను. షాపతను వెంటనే ఫోన్ చేశాడు. కంటికి ఆనని పురుగట. ముందు మొప్పల్లో చేరుతుంది, ఊపిరి జోరవడమే మొదటి గుర్తు, జిగురు కనబడేసరికే ఆలస్యమైనట్టు లెక్క అన్నాడు. ఎప్పట్నుంచి ఆయాసపడుతోందమ్మా అని అడిగాడు. శుక్రవారం నుంచి అన్నాను. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అతను అనలేదు. అన్నా బాగుండేది.

సాయంత్రం

తొట్టిలోనే మందు వేస్తే రొయ్యలూ పగడాలూ చస్తాయట. రెండు చేపల్నీ టబ్బులోకి మార్చి, గాలి పంపు పెట్టి, అతను పంపిన ఫార్మలిన్ కలిపాం. మేడమ్ సిరంజితో కొలిచారు.

ఈ క్లినిక్‌లో ఒకరి నోట్లో పెట్టిన అద్దం క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పడకుండా ఇంకొకరి నోట్లోకి పోదు. చేపని మాత్రం కవర్లోంచి తిన్నగా తొట్టిలో వదిలేశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది, తప్పు నాదే అన్నారు మేడమ్. నేను కాదనలేదు. పోయిన సోమవారం తప్పు ఆవిడదే. శుక్రవారం తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు. ఆ మాట పైకి అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 11, మంగళవారం

పోయింది.

టబ్బు అడుగున పక్కకి ఒరిగి ఉంది. గ్లౌజులకి మందు అంటుకుని ఉంది, కళ్లు తుడుచుకోవడానికి వీల్లేక భుజానికి రుద్దుకుంటూ ఏడ్చాను. చేపకి ఏడుస్తారా అని రిసెప్షన్ అమ్మాయి అడగలేదు, తనూ ఏడుస్తోంది. పెళ్లికొడుకు కోలుకుంటున్నాడు. మేత వేస్తే గబగబా తిన్నాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. దానికేం తెలుసు పాపం అని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

మార్చి 14, శుక్రవారం

పురుగు తిండిలేక చచ్చేదాకా కొన్ని వారాలు తొట్టిలో చేప ఉండకూడదట. రాళ్లూ, నీళ్లూ, రొయ్యలూ అంతే.

వచ్చే వారం తాళంకప్ప వస్తుంది, పెద్దావిడ పుట్టింటికి వెళ్లిందని చెప్పు అన్నారు మేడమ్. మంచి మనసుతోనే అన్నారు. సరేనన్నాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ ఒకసారి చెప్పి చూసుకున్నాను. బాగానే వచ్చింది.

మార్చి 21, శుక్రవారం

తాళంకప్ప తొట్టి వైపు చూసింది. చచ్చిపోయిందా అని అడిగింది. అవునన్నాను.

కుర్చీ ఎక్కి తనే నోరు తెరిచింది. పని అయ్యేదాకా ఒక్కసారి కూడా మూయలేదు. దిగేటప్పుడు, ఆ రోజు నేను చెప్పింది మీకు వినపడలేదా ఆంటీ అని అడిగింది.

వినపడిందని చెప్పాను.