నడుముకు కట్టుకున్న మగ్గం

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అమ్మమ్మా నేనూ క్షేమం. నా క్షేమం మీద మీకే నమ్మకం లేదు. కొండమీద ఎవడో దొరికాడని నాన్న, ఉద్యోగానికి భయపడి దాక్కున్నానని అన్నయ్య, ముసలావిడ మీద జాలితో ఆగిపోయానని నువ్వు. ముగ్గురూ కలిసి నన్ను ఎంత బాగా అర్థం చేసుకున్నారో! ఎవడూ దొరకలేదు. దొరికితే ముందు నీకే రాస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. దగ్గు తగ్గింది. అమ్మమ్మ నడుము పాడైందని, ఇక మగ్గం దగ్గర కూర్చోకూడదని డాక్టరు తేల్చేశాడు. "ముందు వాడి నడుము సంగతి వాణ్ణి చూసుకోమను" అంది ఆవిడ.

పొద్దున్నే మంచు అడగకుండా గదిలోకి వచ్చేస్తుంది. గోడలు కనపడవు. మగ్గానికి నిలువుగా సాగిన ఎర్రటి పడుగు దారాలు మాత్రం గాల్లో తేలుతున్నట్టుంటాయి. ఒక కొస గుంజకు కట్టి ఉంది. రెండో కొస నేసేవాళ్ళ నడుముకు ఉండాలి. మనిషి కూర్చుంటేనే బిగువు, లేకపోతే అది ఉత్త దారాల కట్ట. మన కొండవాళ్ళ మగ్గాల్లో ఇదొక్కటే మిగిలింది. చూసి నేద్దామంటే బొమ్మ గీసి లేదు, బట్టమీది పువ్వుల వరస అమ్మమ్మకు తప్ప ఎవరికీ రాదు.

సగం నేసిన బట్టను కోసి తెమ్మన్నావు, అద్దం బిగించి హాల్లో పెడదామన్నావు. సరేననుకుని కత్తెర పట్టుకునే వెళ్ళాను. బిగువుగా ఉంటే తేలిగ్గా తెగుతుందని మగ్గాన్ని నడుముకు కట్టే వీపు పట్టీ తగిలించుకుని కూర్చున్నాను. ఊపిరి పీల్చాను, బట్ట బిగిసింది. వదిలాను, సడలింది. నా పక్కన ఇంకెవరో నిద్రపోతున్నట్టే ఉంది. అలా ఎంతసేపున్నానో తెలియదు.

మంచంమీంచి అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే అంది: "వీపు నిటారుగా పెట్టవే. మీ అమ్మా ఇలాగే వంగేది. అంచు పాములా పోయేది."

"అమ్మ నేసేదా?"

"నేసేదా అంటే... బట్టకు కోపం తెప్పించేది."

నాకెప్పుడూ చెప్పలేదేం అమ్మా?

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు నుంచి నేస్తున్నాను. అమ్మమ్మ మంచంమీద నుంచే ఏ దారం ఎత్తాలో చెబుతుంది, నేతను దగ్గరగా కొట్టే చెక్కబద్ద చప్పుడు తేడాగా వినిపిస్తే తిడుతుంది. ఆవిడ ఆపినచోట బట్టకు అడ్డంగా ఒక గీత పడింది. మనిషి మారితే బిగువు మారుతుందట. గీతకు అటు ఆవిడ నేసింది నిలిచిన నీళ్ళలా ఉంది. ఇటు నా అంచు పాములా పోతోంది, అచ్చం నీలాగే. "విప్పి మళ్ళీ నేయనా?" అని అడిగాను. "ఉండనీ. ఎవరు ఎక్కడ అందుకున్నారో కనపడాలిగా" అంది.

అన్నయ్య చూసిన ఉద్యోగానికి రానని వాళ్ళకు రాసేశాను. బట్ట కొయ్యను. ఇది అయ్యాక మళ్ళీ పడుగు వేస్తాను. ఇక్కడే ఉంటాను.

ఇట్లు,
అమ్మమ్మ మగ్గం దగ్గర నుంచి,
నీ కూతురు