పది నల్ల మచ్చలు

జూన్ 3, ఆదివారం
మనవరాలు పోలీసు వాలంటీర్లలో చేరుతుందట. వయసు పదహారు. ఆదివారాలు పరేడ్, తర్వాత స్టేషన్‌లో క్లాసు. పెద్దయ్యాక పోలీసు ఉద్యోగం తనకు పడుతుందో లేదో ఇప్పుడే చూసుకుంటుందట. ఈరోజు వెళ్ళొచ్చింది కూడా. వాళ్ళిచ్చిన టోపీ తెచ్చి నా తాళాల పెట్టె మీద పెట్టింది. తీసి మూలకు విసిరాను.

జూన్ 4
అన్నం మానేశాను. అది మాత్రం రెండుసార్లు వడ్డించుకు తింది.

జూన్ 6
దాని అమ్మానాన్నా పోయాక దానికి నేనే దిక్కు. ఫారం మీద నా సంతకం లేకపోతే వచ్చే ఆదివారం లోపలికి రానివ్వరట. పెట్టను అన్నాను. ఎందుకో చెప్పు తాతా అంది. చెప్పాను.

ముప్పై ఏళ్ళ కిందట ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. తాళాలు బాగుచేసేవాడు కాక ఇంకెవడు తీస్తాడని నన్ను పట్టుకెళ్ళారు. మూడు రోజులు. బీరువా మీద నీ వేలిముద్రలే దొరికాయిరా అని ఎస్సై చెంప పగలగొట్టాడు. తీసింది ఆ ఇంటాయన బావమరిది అని తేలాక పొమ్మన్నారు. అంతే. నేను ఆ గడప తొక్కలేదు. మరి నా ముద్ర అక్కడికి ఎలా వచ్చింది?

జూన్ 8, సాయంత్రం
దానికి హోంవర్క్. ఇంట్లోవాళ్ళ వేలిముద్రలు తేవాలి. నావి మీవాళ్ళ దగ్గరే ఉన్నాయి, అడిగి తెచ్చుకో అన్నాను. మావాళ్ళేమిటి, నేను వెళ్ళింది ఒక్క ఆదివారమేగా అంది. భయమా తాతా అని కూడా అంది. ఆ మాట పడతానా? చెయ్యి చాపాను.

పది వేళ్ళకూ సిరా పూసి కాగితం మీద అద్దింది. పది నల్ల మచ్చలు. ఒక్క గీత లేదు. మళ్ళీ అద్దింది. మళ్ళీ మచ్చలే. ఆకురాయితో తాళంచెవులు అరగదీసి అరగదీసి నా వేళ్ళే అరిగిపోయాయి. ఈ చేతుల ముద్ర దొరికిందన్నవాడు అబద్ధాలకోరు తాతా అంది.

నన్ను పట్టుకెళ్ళేనాటికే నాది పదిహేనేళ్ళ పని. ఆరోజు స్టేషన్‌లోనూ ఇలాగే అయింది. రెండుసార్లు అద్దించారు. మూడోసారీ మచ్చలే పడితే ఎస్సై కాగితం చూసి చించేశాడు. చించాకే చెంప మీద కొట్టాడు. వాడికి తెలుసు.

మీ క్లాసులో ఈ అబద్ధాలూ నేర్పుతారా అని అరిచాను. నేర్పిన రోజు లేచి నిలబడి అడుగుతాను అంది.

జూన్ 9
ముప్పై ఏళ్ళు నా చేతుల్ని నేనే అనుమానించాను.

జూన్ 10, పొద్దున ఆరింటికి
సంతకం పెట్టాను. పక్కనే బొటనవేలు కూడా అద్దాను. మీవాళ్ళని గీతలు వెతుక్కోమని చెప్పు అన్నాను.